వృద్ధ కుక్కల్లో కీళ్లనొప్పి: గుర్తింపు, చికిత్స, మందుల వాడకం

నిర్వచనం, పరిధి

వయసు మళ్లిన కుక్కల్లో నెలల తరబడి సాగే కీళ్లనొప్పికి ప్రధాన కారణం ఆస్టియో ఆర్థరైటిస్. కీలులోని మృదులాస్థి అరిగిపోవడం, కీలుపొర వాచడం, ఎముక అంచుల్లో కొత్త ఎముక మొలవడం, కీలు చుట్టూ ఉన్న కండరం సన్నబడడం ఈ వ్యాధిలో ఒకదాని వెంట ఒకటి సాగుతాయి. ఏడాది దాటిన కుక్కల్లో దాదాపు ఐదో వంతుకు ఈ వ్యాధి ఉంటుందన్నది పశువైద్య గ్రంథాల్లో తరచుగా కనిపించే అంచనా. వయసుతో పాటు ఈ వాటా పెరుగుతుంది. ఏ వయసు నుంచి కుక్కను ముసలిదిగా లెక్కించాలన్న దానికి అన్ని జాతులకూ ఒకే హద్దు లేదు. గ్రేట్ డేన్ వంటి భారీ జాతులు ఆరేడేళ్లకే ముసలివవుతాయి. లాబ్రడార్, జర్మన్ షెపర్డ్ ఎనిమిదేళ్ల ప్రాంతంలో, పొమరేనియన్ వంటి చిన్న జాతులు పదేళ్లు దాటాక ఆ దశకు వస్తాయి.

ఇలాంటి కుక్కకు హాని రెండు వైపుల నుంచి వస్తుంది. నొప్పిని వయసు ఖాతాలో వేసి వదిలేయడం ఒకటి. ఇంట్లో ఉన్న మనుషుల మాత్రను ఉజ్జాయింపుగా విరిచి వేయడం రెండోది. పైకి ఇవి పరస్పర విరుద్ధంగా కనిపించినా రెండింటి మూలం ఒక్కటే: కుక్క నడకను, బరువును, రక్తాన్ని ఎవరూ కొలవకపోవడం. కొలిచి, రాసిపెట్టి, దాన్నిబట్టి మోతాదు మార్చుకుంటూ నడిపిన చికిత్స చాలా కుక్కలకు ఏళ్ల తరబడి సుఖమైన జీవితాన్ని ఇస్తుందని ఇప్పటి ఆధారాలు చెబుతున్నాయి. ఆ ఆధారాల బలమూ, వాటిపై ఉన్న అభ్యంతరాలూ ఈ వ్యాసంలో పరిశీలనకు వస్తాయి.

చరిత్ర

కుక్కల్లో తుంటి కీలు సరిగా అమరని స్థితిని అమెరికన్ పశువైద్యుడు ష్నెల్లె 1935లో వర్ణించాడు. సంతానానికి వాడే కుక్కల తుంటి ఎక్స్‌రేలను పరిశీలించి నమోదు చేసే ఆర్థోపెడిక్ ఫౌండేషన్ ఫర్ యానిమల్స్ 1966లో ఏర్పడింది. కీళ్ల జబ్బుకు మూలం చాలాసార్లు పుట్టుకలోనే ఉంటుందన్న అవగాహన ఇలా ముందుగానే వచ్చింది. నొప్పికి మందు మాత్రం చాలాకాలం ఆస్పిరిన్, ఫినైల్‌బ్యుటజోన్, స్టెరాయిడ్ల దగ్గరే ఆగిపోయింది. కుక్కలు నొప్పిని మనుషులంతగా పట్టించుకోవన్న నమ్మకం వైద్యుల్లోనూ ఉండేది. ఈ ఆలస్యంలో దానికీ వాటా ఉంది.

1971లో జాన్ వేన్ ఆస్పిరిన్ పనిచేసే తీరును వివరించాడు. శరీరంలో ప్రొస్టాగ్లాండిన్ల తయారీని అది ఆపుతుందని ఆయన చూపాడు. ఆ కృషికి 1982లో నోబెల్ బహుమతిలో భాగం దక్కింది. ప్రొస్టాగ్లాండిన్లను తయారుచేసే కాక్స్ ఎంజైము రెండు రూపాల్లో ఉంటుందని 1990ల తొలినాళ్లలో తేలింది. ఒకటి కడుపుపొరనూ మూత్రపిండాలనూ కాపాడే పనుల్లో ఎక్కువగా ఉంటుంది, రెండోది వాపులో ఎక్కువగా పాల్గొంటుంది. ఈ విభజన మొదట అనుకున్నంత శుభ్రమైనది కాదని తర్వాత తెలిసినా, రెండోదానిపై ఎక్కువగా పనిచేసే మందుల వెతుకులాటకు అదే దారి చూపింది. కుక్కల కోసం కార్ప్రొఫెన్‌కు అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ 1996లో అనుమతి ఇచ్చింది. మెలోక్సికామ్ 2003లో, గ్రాపిప్రాంట్ 2016లో అక్కడ అనుమతి పొందాయి. మరో దారి నాడుల వైపు నుంచి వచ్చింది. నాడీ వృద్ధి కారకాన్ని కనిపెట్టిన రీటా లెవి మొంటాల్చినీ, స్టాన్లీ కోహెన్‌లకు 1986లో నోబెల్ లభించింది. ఆ కారకాన్ని అడ్డుకునే బెడిన్వెట్మాబ్ ఇంజెక్షన్‌కు కుక్కల కోసం ఐరోపాలో 2020లో, అమెరికాలో 2023లో అనుమతి దొరికింది.

కారణాలు, రకాలు

మనుషుల్లో మోకాళ్ల అరుగుదలను వయసుతో ముడిపెట్టడం అలవాటు కాబట్టి కుక్క విషయంలోనూ అలాగే అనుకుంటారు. కుక్కల్లో పరిస్థితి వేరు. వాటిలో ఆస్టియో ఆర్థరైటిస్ చాలావరకు మరో లోపం వెంట వచ్చేది. లాబ్రడార్, జర్మన్ షెపర్డ్, రాట్‌వైలర్, గోల్డెన్ రిట్రీవర్ జాతుల్లో తుంటి, ముందుకాలి మోచేయి కీళ్లు పెరిగే వయసులోనే వదులుగానో వంకరగానో అమరుతాయి (చూ. హిప్ డిస్‌ప్లేసియా). పొమరేనియన్, పగ్ వంటి చిన్న జాతుల్లో వెనకకాలి మోకాలిచిప్ప పక్కకు జారుతుంది. నడివయసులో మోకాలి లోపలి క్రూషియేట్ లిగమెంట్ క్రమంగా బలహీనపడి తెగడం మరో పెద్ద కారణం. అంటే పదేళ్ల కుక్క కుంటుతున్నప్పుడు వ్యాధి వయసు పదేళ్లకు దగ్గరగా ఉండవచ్చు. కొత్తగా బయటపడింది నొప్పి మాత్రమే. పెద్ద జాతి పిల్లలకు అవసరం లేకుండా కాల్షియం సిరప్‌లు పోయడం, బొద్దుగా పెంచడం ఎముకల పెరుగుదలను దెబ్బతీస్తాయి. గోల్డెన్ రిట్రీవర్లకు ఏడాదిలోపు సంతాన నిరోధక ఆపరేషన్ చేస్తే కీళ్ల జబ్బులు ఎక్కువగా వచ్చాయని డేవిస్‌లోని కాలిఫోర్నియా విశ్వవిద్యాలయ పరిశోధకులు 2013లో ప్రకటించారు.

కుంటే ప్రతి ముసలి కుక్కదీ అరుగుదలే అనుకోవడం ప్రమాదం. భారతదేశంలో గోమార్ల ద్వారా సోకే ఎర్లీకియా జ్వరం కీళ్లవాపుగా కనిపించవచ్చు. ఒకే రోజు నాలుగైదు కీళ్లు వాచడం, జ్వరం, నీరసం, చిగుళ్లు పాలిపోవడం దీనివైపు చూపిస్తాయి. దీనికి ప్రధాన మందు డాక్సీసైక్లిన్. ఈ జ్వరంలో ప్లేట్‌లెట్లు పడిపోతాయి కాబట్టి ముందు నొప్పిమాత్ర వేసి చూద్దామనుకుంటే రక్తస్రావం జరగవచ్చు. భారీ జాతుల్లో ఒకే కాలు రోజురోజుకూ ఎక్కువగా నొప్పెడుతుంటే ఎముక క్యాన్సర్‌ను ఎక్స్‌రేతో తోసిపుచ్చాలి. జర్మన్ షెపర్డ్‌లలో వెన్నుపాము క్షీణించే వ్యాధి కూడా వెనకకాళ్ల బలహీనతగానే మొదలవుతుంది. అందులో నొప్పి ఉండదు, గోళ్ల పైభాగం నేలకు రాసుకుని అరుగుతుంది (చూ. డిజెనరేటివ్ మైలోపతి). మందు ఎంపికకు ముందు ఈ తేడాలు తేలాలి.

వ్యాధి నడిచే తీరు

మృదులాస్థిలో నాడులు లేవు, అందువల్ల అది అరిగినంత మాత్రాన నొప్పి పుట్టదు. అరిగిన పొర నుంచి రాలిన అణువులు కీలుపొరను రెచ్చగొడతాయి. ఆ పొర విడుదల చేసే ప్రొస్టాగ్లాండిన్లు, ఎంజైములు కీలులోని జిగురుద్రవాన్ని పలుచబరుస్తాయి. ద్రవం పలుచనైతే రాపిడి పెరుగుతుంది, రాపిడితో మళ్లీ మృదులాస్థి దెబ్బతింటుంది. నొప్పి వచ్చేది కీలుపొర నుంచి, కీలు సంచి నుంచి, మృదులాస్థి కింది ఎముక నుంచి. ఎక్స్‌రేలో భయంకరంగా కనిపించే తుంటితో హాయిగా నడిచే కుక్కలూ, ఎక్స్‌రే దాదాపు మామూలుగా ఉండి బాధపడే కుక్కలూ ఉండడానికి కారణం ఇదే. చికిత్సను నిర్ణయించవలసింది ఎముక బొమ్మ ఒక్కటే చూసి కాదు, కుక్క నడకను కూడా చూసి.

నెలల తరబడి నొప్పి సంకేతాలు అందుకున్న వెన్నుపాము క్రమంగా అతి సున్నితంగా మారుతుంది. అప్పుడు మామూలు తాకిడి కూడా నొప్పిగా తెలుస్తుంది. నడుము నిమిరితే విదిలించుకోవడం, ఎప్పుడూ కరవని కుక్క పిల్లలపై గుర్రుమనడం దీనికి గుర్తులు కావచ్చు. చికిత్స ఎంత ఆలస్యమైతే ఈ దశ అంత గట్టిపడుతుంది, ఒక్క మందుతో అదుపులోకి రావడం అంత కష్టమవుతుంది. ముసలితనం కదా, చూద్దాంలే అన్న వాయిదాకు వైద్యపరంగా ఉన్న గట్టి అభ్యంతరం ఇదే.

గుర్తింపు, కొలత

దీర్ఘకాలపు నొప్పికి కుక్క అరవదు. తుంటి నొప్పి ఉన్న కుక్క పడుకున్నచోటి నుంచి లేచేటప్పుడు ముందుకాళ్లు చాచి, వాటి బలంతో వెనకభాగాన్ని పైకి లాగుతుంది. మొదటి నాలుగడుగులు బిగుసుకుపోయినట్టు వేసి, తర్వాత సర్దుకుంటుంది. ఈ సర్దుకోవడమే యజమానిని మోసం చేస్తుంది. ముందుకాలు నొప్పిగా ఉంటే ఆ కాలు నేలకు ఆనినప్పుడు తల పైకెత్తి, మంచి కాలు ఆనినప్పుడు దించుతుంది. కుక్క బరువులో సుమారు 60 శాతం ముందుకాళ్లే మోస్తాయి. వెనక భాగం నొప్పెడితే ఆ వాటా ఇంకా పెరిగి, తొడలు సన్నబడతాయి, భుజాలు బలుస్తాయి. సోఫా ఎక్కడం మానడం, మెట్ల దగ్గర ఆగి చూడడం, మగకుక్క కాలెత్తడం మానడం, మలవిసర్జనకు వంగి నిలవలేక నడుస్తూనే కానివ్వడం, ఒకే కీలును నాకుతూ ఉండడం ఇంట్లోవాళ్లు గమనించగల గుర్తులు.

గమనించడం చాలదు, కొలవాలి. ఇందుకు ప్రశ్నావళులు ఉన్నాయి. పెన్సిల్వేనియా విశ్వవిద్యాలయంలో రూపొందిన కెనైన్ బ్రీఫ్ పెయిన్ ఇన్వెంటరీ, లివర్‌పూల్‌లో రూపొందిన లోడ్, హెల్సింకి సూచిక వాటిలో ముఖ్యమైనవి. లేవడం, నడవడం, మెట్లెక్కడం, ఉత్సాహం వంటి అంశాలకు యజమాని వేసే అంకెలను నెలనెలా పోల్చి చూస్తారు. ప్రపంచ చిన్న జంతువుల పశువైద్య సంఘం 2014లో విడుదల చేసి 2022లో సవరించిన నొప్పి మార్గదర్శకాలు కూడా ఇలాంటి సాధనాలను ప్రోత్సహిస్తాయి. వారానికోసారి ఒకే చోట, పక్క నుంచీ ఎదురు నుంచీ ఫోన్‌లో తీసిన అర నిమిషం వీడియో వైద్యుడికి ఎంతో పనికొస్తుంది. ఆసుపత్రి బల్ల మీద భయంతో నొప్పిని దాచే కుక్క సొంత వీధిలో దాచదు.

అంకెలు ఎందుకన్న ప్రశ్నకు 2012లో ప్రచురితమైన ఒక పరిశోధన జవాబిచ్చింది. కీళ్లనొప్పితో కుంటే కుక్కలకు మందు లేని ఉత్తుత్తి మాత్ర ఇచ్చి, అడుగు బలాన్ని యంత్రంపై కొలిచారు. యంత్రం మెరుగుదల చూపకపోయినా చాలా సందర్భాల్లో యజమానులు కుక్క బాగుపడిందని నమ్మారు. వైద్యుల అంచనా కూడా పెద్దగా మెరుగ్గా లేదు. యజమాని నింపే ప్రశ్నావళి కూడా ఈ భ్రమకు లోబడుతుందన్న విమర్శ న్యాయమైనదే. అందుకే ప్రశ్నావళిని బరువు, తొడ చుట్టుకొలత, వీడియోలతో కలిపి చదవాలి. ప్రేమతో చూసే కన్ను మంచినే చూస్తుంది. నొప్పి తగ్గిందో లేదో ఆ కన్నొక్కటే తేల్చలేదు.

బరువు, ఆహారం

కీళ్లనొప్పి చికిత్సలో అన్నిటికంటే గట్టి ఆధారమున్నది మందుకు కాదు, బరువుకు. పెంపుడు జంతువుల ఆహార సంస్థ ప్యూరినా 48 లాబ్రడార్లను ఎనిమిది వారాల వయసు నుంచి జంటలుగా విడదీసి, ప్రతి జంటలో ఒకదానికి రెండోదానికంటే 25 శాతం తక్కువ తిండి పెట్టి, జీవితాంతం గమనించింది. 2002లో వెలువడిన ఫలితాల్లో తక్కువ తిన్న గుంపు మధ్యస్థ ఆయుర్దాయం 13 ఏళ్లు, ఎక్కువ తిన్న గుంపుది 11.2 ఏళ్లు. ఎక్కువ తిన్న గుంపులో సగం కుక్కలకు ఆస్టియో ఆర్థరైటిస్ చికిత్స అవసరమైన వయసు 10.3 ఏళ్లు కాగా, తక్కువ తిన్నవాటిలో అది 13.3 ఏళ్లు. ఇవి ఒకే జాతివి, సంస్థ ఆవరణలో పెరిగినవి, కాబట్టి అన్ని కుక్కలకూ యథాతథంగా అన్వయించలేమన్న అభ్యంతరం ఉంది. అది సరైనదే. అయితే తిండి అమ్మే సంస్థే తక్కువ తిండి మేలని తేల్చిన పరిశోధన ఇది. ఆపై ఇళ్లలో పెరిగే స్థూలకాయ కుక్కలపై 2010లో వచ్చిన మరో పరిశోధన కూడా ఇదే దిశలో ఉంది. శరీర బరువులో ఆరు శాతం పైగా తగ్గగానే వాటి కుంటు గుర్తించదగినంత తగ్గింది. 35 కిలోల కుక్కకు అది రెండు కిలోల చిల్లర.

బరువును తొమ్మిది మెట్ల శరీర స్థితి కొలమానంతో అంచనా వేస్తారు. నాలుగు, ఐదు మెట్లు సరైనవి. అరచేత్తో పక్కలు నిమిరితే పక్కటెముకలు తేలిగ్గా తగలాలి, పైనుంచి చూస్తే నడుము కనిపించాలి. తెలుగిళ్లలో పెరుగన్నం, నెయ్యి రాసిన చపాతీ, టీ వేళ బిస్కెట్లు కుక్కకు ముద్దుగా అందుతాయి. అన్నం విషం కాదు, కానీ నడక తగ్గిన కుక్కకు ఆ పిండిపదార్థమంతా కొవ్వుగా మారుతుంది. చిరుతిళ్లను కూడా లెక్కలో కలిపి, వారానికి శరీర బరువులో ఒక శాతం దాకా తగ్గేట్టు ఆహారం కుదించడం సురక్షితం. కండరం నిలవడానికి మాంసకృత్తులు తగ్గకూడదు. ఒక్కసారిగా తిండి ఆపడం తగదు.

వాపు తగ్గించే ప్రధాన మందులు

స్టెరాయిడ్లు కాని వాపు నివారణ మందులు ఈ చికిత్సకు మూలస్తంభం. కార్ప్రొఫెన్ రోజుకు కిలో బరువుకు 4.4 మిల్లీగ్రాములు, ఒకేసారి గానీ రెండు పూటలుగా గానీ వాడతారు. మెలోక్సికామ్ మొదటి రోజు కిలోకు 0.2, తర్వాత రోజుకు 0.1 మిల్లీగ్రాము. ఫిరోకాక్సిబ్ కిలోకు 5 మిల్లీగ్రాములు రోజుకోసారి. గ్రాపిప్రాంట్ కాక్స్ ఎంజైమును తాకకుండా, ప్రొస్టాగ్లాండిన్ వెళ్లి అతుక్కునే ఈపీ4 అనే గ్రాహకాన్ని మాత్రమే అడ్డుకుంటుంది. దాని మోతాదు కిలోకు 2 మిల్లీగ్రాములు. ఈ అంకెలు వ్యాసం పరిధిలో సమాచారం కోసమే. ఏ కుక్కకు ఏది, ఎంత అన్నది రక్తపరీక్ష చూసిన పశువైద్యుడే నిర్ణయించాలి. ఒక మందు పనిచేయని కుక్కకు మరొకటి పనిచేయవచ్చు. అయితే మార్చేటప్పుడు మధ్యలో కొన్ని రోజుల విరామం ఇవ్వడం ఆనవాయితీ. ఈ మందుల్లో రెండింటినీ ఒకేసారి గానీ, వీటిలో దేన్నైనా స్టెరాయిడ్‌తో కలిపి గానీ వాడకూడదు. అలా కలిపితే కడుపులో పుండు పడి, చిల్లు పడే దాకా వెళ్లవచ్చు.

మనుషుల మాత్రలతో జరిగే హాని ఎంతటిదో ఒక లెక్క చాలు చెప్పడానికి. మూడు కిలోల పొమరేనియన్‌కు మెలోక్సికామ్ రోజువారీ మోతాదు 0.3 మిల్లీగ్రాము. మందుల షాపులో మనుషులకు దొరికే మాత్ర 7.5 లేదా 15 మిల్లీగ్రాములది. 15 మిల్లీగ్రాముల మాత్రను సగం విరిచి వేసినా ఆ కుక్క లోపలికి వెళ్లేది తన మోతాదుకు 25 రెట్లు. మందు పేరు సరైనదే, అయినా కుక్క ప్రాణం పోవచ్చు. ఇక ఐబుప్రోఫెన్, నాప్రోక్సెన్, డైక్లోఫెనాక్, ఎసిక్లోఫెనాక్ కుక్కకు అసలే తగనివి. ఇవి కుక్క కడుపునూ మూత్రపిండాలనూ దెబ్బతీస్తాయి. నొప్పులకు, జ్వరాలకు ఇళ్లలో ఉండే మాత్రల్లో కొన్ని వీటిలో ఒకదాన్ని పారాసిటమాల్‌తో కలిపి చేసినవే. పారాసిటమాల్‌ను పశువైద్యులు కొన్నిసార్లు లెక్కగట్టి రాస్తారు, కానీ మోతాదు మించితే కాలేయం దెబ్బతింటుంది, రక్తం ఆక్సిజన్‌ను మోసే శక్తి కోల్పోతుంది. పొరపాటున ఇలాంటి మాత్ర తిన్న కుక్కను వాంతులు మొదలయ్యేదాకా చూడకుండా వెంటనే ఆసుపత్రికి తీసుకెళ్లాలి, మాత్ర అట్ట కూడా వెంట ఉండాలి.

పర్యవేక్షణ, దీర్ఘకాల వాడకంపై అభ్యంతరాలు

మందు మొదలుపెట్టే ముందు క్రియాటినిన్, యూరియా, కాలేయ ఎంజైములు, రక్తకణాల సంఖ్య, మూత్రం చిక్కదనం చూస్తారు. రెండు నుంచి నాలుగు వారాల్లో మళ్లీ ఒకసారి, ఆ తర్వాత మూడు నుంచి ఆరు నెలలకోసారి పరీక్షిస్తారు. మొదటి వారాల పరీక్షకు ప్రత్యేక ప్రాధాన్యం ఉంది. కార్ప్రొఫెన్‌తో కాలేయం దెబ్బతిన్న 21 కుక్కల వివరాలు 1998లో వెలువడ్డాయి. అది మోతాదుతో సంబంధం లేకుండా కొన్ని కుక్కల్లో మాత్రమే కనిపించే చర్య. ఎక్కువగా తొలి వారాల్లోనే బయటపడుతుంది, అరుదు. తిండి మానడం, వాంతులు, నల్లని తారులాంటి విరేచనం, నీళ్లు విపరీతంగా తాగడం, కళ్లు పచ్చబడడం కనిపిస్తే మందు వెంటనే ఆపి వైద్యుడిని కలవాలి. మాత్రను తిండితో వేయడం, నీళ్లు ఎప్పుడూ అందుబాటులో ఉంచడం ప్రాథమిక జాగ్రత్తలు. మండువేసవిలో వాంతులు, విరేచనాలతో నీరు కోల్పోయిన కుక్కకు ఆ రోజు ఈ మందు వేయకూడదు. గుండెజబ్బుకు ఏసీఈ నిరోధక మందు, నీటిమాత్ర వాడుతున్న ముసలి కుక్కలో ఈ మూడోది చేరితే మూత్రపిండాలపై భారం ఎక్కువవుతుంది. వాడే మందులన్నీ ఒకే కాగితంపై రాసి వైద్యుడికి చూపడం అందుకే అవసరం.

ఈ మందులు ఏళ్ల తరబడి వాడితే కిడ్నీలు పోతాయన్న భయం యజమానుల్లో విస్తృతంగా ఉంది. భయానికి ఆధారం లేకపోలేదు, ముందే మూత్రపిండాలు బలహీనపడిన కుక్కల్లో ప్రమాదం నిజంగా ఎక్కువ. అయితే దీర్ఘకాల వాడకంపై 2010లో వెలువడిన సమీక్ష, వాడే కాలం పెరిగే కొద్దీ దుష్ప్రభావాలు పెరుగుతాయన్న దానికి సరైన ఆధారం దొరకలేదని, నొప్పి అదుపు మాత్రం మెరుగుపడే సూచన ఉందని తేల్చింది. నొప్పి కనిపించిన రోజే మాత్ర వేద్దామన్న మధ్యేమార్గం కూడా పరీక్షకు నిలవలేదు. మెలోక్సికామ్ మోతాదును క్రమంగా తగ్గిస్తూ వెళ్లిన 2011 నాటి పరిశోధనలో, తగ్గించిన గుంపులోనే నొప్పి అదుపు తప్పి మధ్యలో తప్పుకున్న కుక్కలు ఎక్కువ. పనిచేసే కనిష్ఠ మోతాదును వెతకడం సమంజసమే. ఆ వెతుకులాట నడక అంకెలను చూస్తూ సాగాలి. భయంతో సాగితే నష్టపోయేది కుక్కే. నొప్పి తగ్గితే కుక్క మరీ ఎక్కువ తిరిగి కీలును ఇంకా అరగదీసుకుంటుందన్న మరో వాదం ఉంది. నొప్పితో కదలని కుక్కలో కీలును పట్టి ఉంచే కండరం కరిగిపోతుంది, ఆ నష్టం పెద్దది. ఎక్కువ తిరుగుతుందన్న భయానికి గొలుసు ఉంది, మందు మానడం పరిష్కారం కాదు.

ఇతర మందులు, ఇంజెక్షన్లు, అనుబంధాలు

ప్రధాన మందు ఒక్కటే చాలనప్పుడు నాడుల మీద పనిచేసేవాటిని చేరుస్తారు. మెలోక్సికామ్‌కు తోడు అమాంటడిన్ ఇస్తే కుక్కల చురుకుదనం పెరిగిందని 2008 నాటి పరిశోధన చూపింది. గాబాపెంటిన్‌ను విరివిగా రాస్తున్నారు, కానీ కీళ్ల అరుగుదలలో దానికి ఆధారం పరిమితం. మనుషుల కోసం చేసిన దాని సిరప్‌లలో కొన్నింటిలో జైలిటాల్ అనే తీపిపదార్థం ఉంటుంది, అది కుక్కలకు విషం. ట్రమడాల్ సంగతి మరింత స్పష్టం. మనుషుల్లో నొప్పి తగ్గించే దాని రూపాంతరం కుక్క శరీరంలో చాలా తక్కువగా తయారవుతుంది. 2018లో ప్రచురితమైన పోలికలో మోచేయి, మోకాలి అరుగుదల ఉన్న కుక్కలకు అది ఉత్తుత్తి మాత్రకంటే మెరుగ్గా పనిచేయలేదు, కార్ప్రొఫెన్ పనిచేసింది. అయినా అలవాటుగా దాన్ని రాయడం ఇంకా ఆగలేదు, ఆగవలసి ఉంది.

బెడిన్వెట్మాబ్ నెలకోసారి చర్మం కింద ఇచ్చే ఇంజెక్షన్. నాడీ వృద్ధి కారకాన్ని పట్టి నొప్పి సంకేతాన్ని తగ్గిస్తుంది. ప్రొస్టాగ్లాండిన్లతో దీనికి సంబంధం లేదు కాబట్టి మాత్రలు సరిపడని కుక్కలకు ఇది పెద్ద ఊరట. మార్కెట్‌లోకి వచ్చాక నడక తూలడం, మూర్ఛ, కాళ్లు పడిపోవడం, మూత్రం అదుపు తప్పడం, కొన్ని మరణాలు నమోదయ్యాయంటూ ఎఫ్‌డీఏ 2024 డిసెంబరులో పశువైద్యులకు లేఖ రాసింది. స్వచ్ఛందంగా అందిన ఫిర్యాదులు మందే కారణమని రుజువు చేయవు. ముసలి కుక్కల్లో ఈ లక్షణాలు వేరే కారణాలతోనూ వస్తాయి. అలాగని వాటిని కొట్టిపారేయడమూ తగదు. నాడీజబ్బు అనుమానం ఉన్న కుక్కకు ఇవ్వకపోవడం, మిగతావాటి యజమానులకు ఈ సంగతి ముందే చెప్పడం సరైన పద్ధతి.

అనుబంధాల్లో అత్యధికంగా అమ్ముడయ్యేవి గ్లూకోసమిన్, కాండ్రాయిటిన్. 2022లో అప్పటిదాకా వచ్చిన పరిశోధనలను కలిపి చూసిన విశ్లేషణ వీటికి నొప్పి తగ్గించే ప్రభావం లేదని తేల్చింది, చేపనూనెలోని ఒమేగా-3 కొవ్వు ఆమ్లాలకు ఉందని చెప్పింది. గ్లూకోసమిన్ హాని చేయదు కదా అన్నది సాధారణ సమర్థన. దాని మీద పెట్టే డబ్బుతో రక్తపరీక్ష జరిగేదైతే, దాన్ని నమ్ముకుని అసలు మందు ఆలస్యమైతే, అది హాని కాదనలేం. సహజమన్న పేరు భద్రతకు హామీ కాదు. చేపనూనె అయినా మోతాదు మించితే విరేచనాలు పడతాయి.

భారతదేశంలో మందుల నియంత్రణ

భారతదేశంలో పశువుల నొప్పిమందుల జాబితాను రాబందుల కథ మార్చింది. డైక్లోఫెనాక్ ఇచ్చిన పశువుల కళేబరాలు తిని రాబందులు మూత్రపిండాలు చెడి చనిపోతున్నాయని 2004లో తేలింది. పశువైద్యంలో దాని వాడకాన్ని 2006లో నిషేధించారు. మనుషుల ఇంజెక్షన్ సీసాలను పశువులకు మళ్లించకుండా 2015లో వాటి పరిమాణాన్ని మూడు మిల్లీలీటర్లకు కుదించారు. కీటోప్రోఫెన్, ఎసిక్లోఫెనాక్‌లను 2023లో, నిమెసులైడ్‌ను 2024 చివర్లో పశువుల వాడకం నుంచి తప్పించారు.  కుక్క విషయంలో చట్టం ఉద్దేశం వేరైనా ఫలితం మేలే అయింది, నిషేధిత మందుల్లో చాలావరకు కుక్కకూ తగవు. రాబందులకు సురక్షితమని తేలిన మెలోక్సికామ్ పశువైద్యంలో విస్తృతంగా వాడుకలోకి వచ్చింది. ఎక్స్‌రే, రక్తపరీక్ష, నిపుణుల సలహా కోసం హైదరాబాద్ రాజేంద్రనగర్, తిరుపతి, గన్నవరం పశువైద్య కళాశాలల ఆసుపత్రులను ఆశ్రయించవచ్చు.

వ్యాయామం, ఇల్లు, శస్త్రచికిత్స

ఆదివారం ఒక్కరోజు గంటన్నర పరుగు పెట్టించి మిగతా వారమంతా కట్టేయడం కంటే, రోజూ గొలుసుతో పది పదిహేను నిమిషాల చొప్పున రెండు మూడుసార్లు నడిపించడం మేలు. వేసవిలో ఎండ మండకముందే నడక ముగియాలి. అపార్ట్‌మెంట్లలోని నున్నటి టైల్స్, గ్రానైట్ నేల ముసలి కుక్కకు పెద్ద శత్రువు. కాళ్లు జారి విడిపోయినప్పుడల్లా తుంటి కీలు లాగుతుంది. పడక నుంచి నీళ్ల గిన్నె దాకా రబ్బరు చాపలు పరచడం, గోళ్లు, అరికాళ్ల మధ్య వెంట్రుకలు కత్తిరించడం, మందపాటి పరుపు వేయడం ఖర్చు తక్కువ, ఫలితం ఎక్కువ. ఈత, నీటిలో నడిపించే యంత్రం కీలుపై భారం లేకుండా కండరాన్ని పెంచుతాయి. తెగిన లిగమెంట్‌కు, పూర్తిగా పాడైన తుంటికి శస్త్రచికిత్సలు ఉన్నాయి. వయసు ఒక్కటే వాటికి అడ్డంకి కాదు, గుండె, మూత్రపిండాల స్థితిని బట్టి నిర్ణయిస్తారు (చూ. తుంటి కీలు మార్పిడి).

చివరి దశ

అన్ని చికిత్సలూ చేసినా కొన్ని కుక్కల్లో నొప్పి అదుపు తప్పుతుంది. లేచి నిలబడలేకపోవడం, తన మలమూత్రాల్లోనే పడుకోవడం, తిండి పట్ల ఆసక్తి పోవడం ఈ దశకు గుర్తులు. అమెరికన్ పశువైద్యురాలు ఆలిస్ విల్లలోబోస్ రూపొందించిన జీవన నాణ్యత కొలమానం నొప్పి, ఆకలి, నీరు, శుభ్రత, ఆనందం, కదలిక, చెడ్డరోజులకంటే మంచిరోజులు ఎక్కువ ఉండడం అనే ఏడు అంశాలకు సున్నా నుంచి పది దాకా మార్కులు వేస్తుంది. మొత్తం 35 దాటితే సాంత్వన చికిత్స కొనసాగించవచ్చని ఆమె సూచన. కారుణ్య మరణం పట్ల కుటుంబాల్లో మతపరమైన, నైతికమైన సంకోచాలు ఉంటాయి, వాటిని గౌరవించాలి. అయితే ఆ సంకోచం ఉన్న ఇంట్లోనూ నొప్పిమందు ఆపకూడదు. సహజంగా పోనిద్దామనుకుని మందు కూడా మానేస్తే మిగిలేది నొప్పితో కూడిన చావు. వారాల తరబడి మార్కులు పడిపోతూ, మందు మార్చినా పెరగని కుక్క విషయంలో పశువైద్యుడితో ఈ మాట ఎత్తడం కుటుంబం బాధ్యత. ఆ సంభాషణను వాయిదా వేయడం కుక్కకు మేలు చేయదు.